పొయ్యిలో నీళ్ళు

మీరంతా డిపార్టుమెంటులో కొత్తగా చేరినవాళ్ళు. జనంతో స్నేహంగా ఉండండి, వీధుల్లో మీటింగులు పెట్టండి, ఊరెళ్ళినవాళ్ళ ఇళ్ళ మీద ఒక కన్నేసి ఉంచండి, ఇరుగుపొరుగుని కలుపుకుని కాపలా పెట్టండి అని ట్రైనింగులో మీకు చెబుతున్నారట. మంచిదే. కానీ ఇదేదో నిన్న మొన్న పుట్టిన విద్య అన్నట్టు మీరు మాట్లాడితే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. మేమూ చేశాం ఇవన్నీ. అప్పుడు దానికి పేరు లేదు, అంతే. పేరు లేని పని కాబట్టి బాగా చేశామో చెడగొట్టామో చెప్పేవాడు కూడా ఉండేవాడు కాదు.

నా సర్వీసులో దొంగల్ని పట్టుకున్న రోజులున్నాయి, దొంగల చేతిలో దెబ్బలు తిన్న రోజులూ ఉన్నాయి. వాటి విషయంలో నాకు ఏ అయోమయమూ లేదు. ఈ ఒక్క కేసు మాత్రం అలా కాదు. అసలు దీన్ని కేసు అనొచ్చో లేదో ఇప్పటికీ తెలీదు. చివరికి మనిషి దొరికింది. నేరం ఏమిటో మాత్రం నాకు దొరకలేదు.

అరవయ్యో దశకం చివరి రోజులు. కొండల వైపు గొడవలని మా పోలీసుల్లో సగం మందిని అటు తోలేశారు. మిగిలినవాళ్ళని ఇటూ అటూ సర్దారు. ఆ సర్దుడులో నేను వెళ్ళి భోగాపురానికి అవతల, సముద్రం ఒడ్డున ఒక చేపల పల్లె దగ్గర పడ్డాను. నాది బొబ్బిలి. అప్పటిదాకా సముద్రాన్ని రెండుసార్లు చూశానేమో, అదీ దూరం నుంచి. అవుట్‌పోస్టు అంటే ఎప్పుడో ఉప్పు డిపార్టుమెంటు వాళ్ళు వదిలేసిన పెంకుల కొట్టు. అందులో నేను, మా హెడ్డుగారు. హెడ్డుగారిది శృంగవరపుకోట వైపు, పెన్షనుకి దగ్గరపడిన మనిషి. ఆయనకి కాళ్ళు వాచేవి. ఒక కుర్చీలో కూర్చుని రెండో కుర్చీ మీద కాళ్ళు పెట్టుకునేవారు. ఉన్నవే రెండు కుర్చీలు. అందుకని అక్కడ పనిచేసినన్నాళ్ళూ నేను నిలబడే ఉన్నాను.

ఎండలు ముదురుతున్నాయనగా సర్కిల్ గారి దగ్గర్నుంచి టైపు కొట్టిన కాగితాలు వచ్చాయి. గృహ భద్రత మీద ఉపన్యాసం. ప్రతి ఊళ్ళోనూ జనాన్ని పోగేసి చదివి వినిపించమని ఆర్డరు. హెడ్డుగారు కాగితాలు అటూ ఇటూ తిప్పి నా చేతిలో పెట్టి, "నీకు గొంతు బాగుంటుంది. నువ్వు చదువు" అన్నారు. నా గొంతు ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇసకలో నడవడం ఆయనకి ఇష్టం లేదు.

వలలు బాగుచేసుకునే పాక దగ్గర జనం కూర్చున్నారు. నేను మొదలెట్టాను. "గృహద్వారములకు దృఢమైన తాళములు వేయవలెను." మీకు ఆ పల్లె చెప్పాలి. గోడలు తాటాకు, కప్పు తాటాకు, తలుపంటే తాటాకు తడిక, దానికొక తాడు. ముందు వరసలో ఊరి పెద్ద కూర్చున్నాడు. పెద్ద మనిషి, నెమ్మదస్థుడు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"తాలం తడికికి ఎయ్యాలా, గోడకి ఎయ్యాలా బాబూ?"

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను వినపడనట్టు చదువుకుంటూ పోయాను. కిటికీలకు ఇనుప ఊచలు, పెరటి గోడ ఎత్తు, ఒక్కటీ ఆ పల్లెకి అతికేది కాదు. చివరి పేజీలో ఇలా ఉంది: "పశ్చిమ వాయువులు వీచునప్పుడు గృహమందలి అగ్నిని సంపూర్ణముగా నార్పవలెను. నిర్జన గృహములను ఇరుగుపొరుగువారు స్వగృహములవలె పరిరక్షింపవలెను." అప్పటికి నాకే నాలుక మడతపడుతోంది. గబగబా ముగించి, "అంటే ఏంటంటే, పక్కింట్లో ఎవరూ లేకపోతే అది కూడా మీ ఇల్లే అనుకోండి, జాగ్రత్తగా చూసుకోండి" అని నా సొంత మాటగా చెప్పి లేచాను.

లేచేసరికి గాలికి కాగితం ఎగిరిపోయింది. దాని వెనక పరిగెడుతుంటే ఒక ముసలావిడ కుంటుకుంటూ అడ్డం వెళ్ళి పాదంతో తొక్కిపట్టి, దులిపి ఇచ్చింది. ఇస్తూ ఏదో అడిగింది. మిగతా కాగితాలు కూడా ఎగిరేట్టున్నాయని నేను వాటిని చూసుకుంటూ "ఆఁ, ఆఁ" అన్నాను. ఆవిడ తల ఊపి వెళ్ళిపోయింది.

ఆవిణ్ణి పల్లెలో అందరూ ముసలప్ప అనేవారు, అప్ప అంటే అక్క. ఆ ఊరి మనిషి కాదు. లోపలి పల్లెటూరి నుంచి ఈమధ్యే వచ్చి తమ్ముడి ఇంట్లో ఉంటోంది. కాలు బాగోదు కాబట్టి ఒడ్డుకి వెళ్ళేది కాదు, ఇంటి దగ్గరే ఎండుచేపలు తిరగేస్తూ ఉండేది. మీటింగు తరవాత కొన్నిసార్లు అవుట్‌పోస్టు గుమ్మం దాకా వచ్చి, "ఆ ఆకరి కాయితం మరోపాలి సదువు బాబూ" అనేది. నేను చదివేవాణ్ణి. ఆవిడ పెదాలు కదుపుతూ వినేది. హెడ్డుగారు కాళ్ళు దించకుండానే నవ్వేవారు. "నీ ఉపన్యాసానికి ఒక్కరైనా దొరికారు, సంతోషించు" అనేవారు.

ఆ తరవాత కొద్ది రోజులకే ఫిర్యాదులు మొదలయ్యాయి.

మొదట వచ్చింది ఒక పడవ యజమాని భార్య. చలాకీ మనిషి, నోరున్న మనిషి. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళని వెంటేసుకుని వచ్చింది.

"మా ఇంట్ల ఎవులో దూరినారు బాబూ."

"ఏం పోయింది?"

"ఏటీ పోనేదు."

"ఏమైనా పగలగొట్టారా?"

"నేదు."

"మరి?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "దూరినారు. అంతే" అంది.

వెళ్ళి చూశాను. నాలుగు కుండలు, దూలానికి వేలాడుతున్న వలలు, చాప. అన్నీ ఉన్నచోట ఉన్నాయి. నేను చూస్తున్నంతసేపూ ఆవిడ పొయ్యికి అడ్డంగా నిలబడింది. ఆడమనిషి వంట దగ్గర నిలబడితే మగాడికి అనుమానం ఎందుకొస్తుంది. నాకు రాలేదు.

మర్నాడు ఇంకో ఇల్లు. ఆపైన ఇంకోటి. ప్రతిసారీ ఇదే మాట. ఎవరో దూరారు, ఏమీ పోలేదు, ఇంకేమీ చెప్పం. ఇది జరిగేది ఎప్పుడూ ఒకే వేళప్పుడు. తెల్లవారకముందు వెళ్ళిన పడవలు పొద్దెక్కాక తిరిగొస్తాయి. ఆ వేళకి పల్లె పల్లెంతా ఒడ్డున ఉంటుంది, ఆడవాళ్ళు గంపలతో, పిల్లలు ఊరికే. ఇళ్ళన్నీ తడిక కట్టేసి ఖాళీ. ఆ సందులోనే ఎవరో దూరుతున్నారు.

హెడ్డుగార్ని అడిగాను. "ఏమీ పోకపోతే దొంగతనం కాదు. దెబ్బలు లేకపోతే కొట్లాట కాదు. వదిలెయ్" అన్నారు.

"ఇంట్లోకి దూరడం నేరం కాదాండీ?"

"తాటాకు తడిక తోసుకుని మేక కూడా దూరుతుంది. మేక మీద కేసు కడతావా?"

నవ్వుతారని తెలిసే చెబుతున్నాను, నేను మేకల్ని కూడా కనిపెట్టి చూశాను. గాజులమ్ముకునే అతను ఒకాయన ఆ వేళకి తిరుగుతున్నాడని పట్టుకొచ్చి కూర్చోబెట్టాను. అతను మా ఎదురుగా కూర్చుని ఉండగానే ఇంకో ఇంట్లో దూరారని కబురొచ్చింది. హెడ్డుగారు గాజులాయనకి మా అన్నంలో అన్నం పెట్టించి పంపేశారు. తరవాత నా వైపు చూడకుండా, "ఇంకెవర్నీ తీసుకురాకు, బియ్యం చాలవు" అన్నారు.

అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. మీరిప్పుడు చేస్తున్నదే. ఊరి పెద్దతో మాట్లాడి కాపలా పెట్టాను. పడవలొచ్చే వేళకి పల్లెలో ఎవరో ఒకరు ఉండిపోవాలి. వంతులు వేద్దామంటే ఎవరూ ఒప్పుకోలేదు. పడవ ఒడ్డుకొచ్చేటప్పుడు అక్కడ లేకపోతే ఎలా అని అందరిదీ ఒకటే మాట. చివరికి పెద్ద అన్నాడు, "ఆ ముసలప్ప ఎలాగూ ఇంటికాడే కదా ఉంతాది. ఆవిణ్ణి సూడమందుం." నాకు బ్రహ్మాండంగా ఉందనిపించింది. ముసలప్ప దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఎవరైనా దొంగ ఏ ఇంట్లోకైనా దూరితే చూసి నాకు చెప్పమన్నాను. ఆవిడ ఎంతో శ్రద్ధగా విని, "అలాగే బాబూ. నాను రోజూ తిరుగుతానే ఉన్నాను కదా" అంది. ఆ మాట నా చెవిలో పడి అటే వెళ్ళిపోయింది.

రోజూ అడిగేవాణ్ణి. "దొంగ ఎవరైనా వచ్చాడా అప్పా?"

"నేదు బాబూ. ఎవులూ రానేదు."

ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదని మొహం చూస్తేనే తెలిసేది. ఇళ్ళల్లో దూరడం మాత్రం ఆగలేదు. పెద్ద గాలి వీచిన రోజున ఒకేసారి మూడు నాలుగు ఇళ్ళు. నాకు తిక్క పుట్టుకొచ్చింది. కాపలా మనిషికి కనబడకుండా, ఏమీ ఎత్తుకుపోకుండా, ఎండలో వచ్చి వెళ్ళే ఈ దొంగ ఎవడు, వాడికి కావలసింది ఏమిటి. అన్నం తింటున్నా అదే ఆలోచన.

అలా ఉండగా ఒకరోజు హెడ్డుగారు కుర్చీ మీంచి కాళ్ళు దించారు. ఆయన కాళ్ళు దించారంటే విషయం ఉందన్నమాట.

"నీకు వాళ్ళు అసలు సంగతి చెప్పడం లేదంటే అది దొంగ సంగతి కాదురా. చిల్లంగి అనుకుంటున్నారు" అన్నారు. "ఏం చేశారో పైకి చెబితే అది తగులుకుంటుందని నోరు మూసుకుంటున్నారు."

చేతబడిని మావైపు చిల్లంగి అంటారు. అది ఉందో లేదో నాకు తెలీదు గానీ, చిల్లంగి పెట్టిందని పేరు పడిన మనిషికి ఏమవుతుందో తెలుసు. హెడ్డుగారు చిన్నప్పుడు వాళ్ళ వైపు ఊళ్ళో చూశారట. ఒకావిణ్ణి పట్టుకుని రాయితో ముందరి పళ్ళు రాలగొట్టారు. పళ్ళు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదని వాళ్ళ నమ్మకం. ఆవిడ బతికింది, కానీ మళ్ళీ నలుగురిలోకి రాలేదు.

"ఎవరో ఒకరి మీద పేరు పడకముందే నువ్వు మనిషిని పట్టుకో" అన్నారు హెడ్డుగారు. "దొంగ అని తేలిందా, స్టేషనుతో పోతుంది. లేదా ఎవరో ఆడకూతురి నోరు పోతుంది."

అంటే నాకు అర్జంటుగా ఒక దొంగ కావాలి. దొంగ లేకుండా ఉంటే బాగుండునని కోరుకోవలసిన పోలీసుని, దేవుడా ఒక దొంగని చూపించమని వేడుకున్నాను.

ఆ రోజు పొద్దున్నించీ పడమటి గాలి. ఎండాకాలం మావైపు ఆ గాలి లేచిందంటే ఇసక మొహాన కొట్టి నోట్లోకి వస్తుంది. ఒడ్డు నుంచి సముద్రం మీదికి తోసే గాలి అది. పడవలు దాంతో పెనుగులాడి ఒకటీ ఒకటీ వచ్చి పడ్డాయి. ఒక్క పడవ మాత్రం రాలేదు. మొదట నా దగ్గరికి ఫిర్యాదు తెచ్చిన ఆవిడ భర్త పడవ.

హెడ్డుగారికి కాళ్ళు బాగా వాచి పడుకున్నారు. నేను అవుట్‌పోస్టు వెనకాల ఎసరు పెట్టి బియ్యం పోసి ఉన్నాను. పల్లె వైపు నుంచి అరుపులు వినిపించాయి. లాఠీ తీసుకుని పరిగెత్తాను. నిక్కరు జేబులో ఉప్పు పొట్లం అలాగే ఉంది.

ఆ రాని పడవ తాలూకు ఆవిడ ఇంటి ముందు జనం గుండ్రంగా మూగి ఉన్నారు. మధ్యలో ఇసకలో ముసలప్ప కూర్చుని ఉంది. పక్కన కుండ దొర్లిపడి ఉంది, ఇసక తడిసి ఉంది. ఇంటావిడ చేతిలో వలకి బరువుగా కట్టే రాయి ఉంది. ఊరి పెద్ద ఒక వారగా నిలబడి సముద్రం వైపు చూస్తున్నాడు. ఇక్కడ జరిగేది తను చూడలేదని రేపు చెప్పుకోడానికి.

"ఏమైంది?" అన్నాను.

ఇంటావిడ నన్ను చూడకుండానే చెప్పింది. "మా ఆయన నీల్ల మీద ఉన్నాడు. ఇది నా పొయ్యిల నీల్లోసేసినాది. నా కల్లారా సూసినాను."

ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పని సంగతి అది. ఆ పల్లెలో మగవాడు సముద్రం మీద ఉన్నంతసేపూ ఇంటి పొయ్యిలో నిప్పు ఆరకూడదు. నివురు కప్పి ఉంచుతారు. అతను వచ్చాక ఆ నిప్పు మీదే వండాలి. ఆ నిప్పు చల్లారితే అతను చల్లారినట్టే. అలాంటి పొయ్యిల్లో ఎవరో రోజూ నీళ్ళు పోస్తున్నారు. అదీ వాళ్ళు పైకి అనలేక నా దగ్గర మింగేసిన మాట.

"ఎందుకప్పా?" అన్నాను.

ముసలప్ప నన్ను చూడగానే మొహం విప్పారింది. భయపడ్డ మనిషి సాక్షిని చూసినట్టు చూసింది. చేతులు జోడించి గడగడా మొదలెట్టింది. "పశ్శిమ వాయువులు వీసునప్పుడు గురుహమందలి అగ్గిని సంపూరనముగా నార్పవలెను..."

జనం ఒక్కసారి వెనక్కి జరిగారు. "అదిగో, మంత్రం సదువుతంది" అన్నారెవరో. ఇంటావిడ రాయి పైకెత్తింది.

నాకు బుర్ర పనిచెయ్యలేదు. ఆ మాటలు నాకు తెలుసు. ఎక్కడివో ఆ క్షణంలో తట్టలేదు. తెలీకుండానే నా నోరు తరవాతి మాట అందుకుంది. "నిర్జన గృహములను ఇరుగుపొరుగువారు స్వగృహములవలె..." ఇద్దరం కలిసి "పరిరక్షింపవలెను" అన్నాం.

"ఓలమ్మ, పోలీసుబాబుకీ పట్టీసినాది" అని ఒకామె పిల్లని ఎత్తుకుని పరిగెత్తింది.

ఆ అరుపుతో నాకు తెలివొచ్చింది. అడ్డంగా వెళ్ళి నిలబడ్డాను. "ఇది మంత్రం కాదు. సర్కారు కాగితం. వలల పాక దగ్గర నేను చదివిందే. మీరంతా విన్నారు కదా" అన్నాను.

ఊరి పెద్ద అప్పుడు ఇటు తిరిగాడు. "మేమేటి ఇన్నాం బాబూ. నువ్వు సదివినావు. మేం కూకున్నాం" అన్నాడు.

"నాను ఇన్నాను" అంది ముసలప్ప కింద నుంచి. "అగ్గి ఆర్పడమంటే నీల్లొయ్యడమే కదా బాబూ, ఎవులూ నేని ఇంటికాడ నానెల్లి పొయ్యొచ్చా అని అడిగినాను. నువ్వు ఆఁ అన్నావు. రెండుపాల్లన్నావు."

అన్నాను. కాగితాలు ఎగిరిపోతుంటే అన్నాను. అదేం తప్పో, అసలు తప్పో కాదో కూడా ఆ క్షణంలో తేలలేదు. సర్కారు మాట విని, అర్థం చేసుకుని, పాటించినది ఆ పల్లె మొత్తం మీద ఈవిడ ఒక్కతే. ఆవిణ్ణి పట్టుకోడానికే నేను ఇన్నాళ్ళూ మేకల వెనక తిరిగాను. ఆవిడకే కాపలా అప్పజెప్పాను. దొంగ వచ్చాడా అంటే రాలేదంది. నిజమే, రాలేదు.

"అయితే సర్కారోలు సెప్నారన్నమాట మా పొయ్యిలార్పమని" అంది ఇంటావిడ. "మా ఆయన రాపోతే సర్కారోలు తెచ్చిస్తారేటి?"

నేను తల దించుకుని నిలబడ్డాను. రాయి అలాగే ఉంది.

ఊరి పెద్దే దారి చూపించాడు. "ముందు ఆ పొయ్యి ఎలగాల. పడవొస్తే సరే. రాపోతే అప్పుడు సూసుకుందుం" అన్నాడు. అప్పుడు చూసుకునేది ఏమిటో అందరికీ తెలుసు. ముసలప్పకి కూడా తెలిసింది, నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

నేను అగ్గిపెట్టె తీశాను. పెద్ద తల అడ్డంగా ఊపాడు. అగ్గిపుల్ల నిప్పు కొత్త నిప్పు, పనికిరాదు. బతికున్న పొయ్యి నుంచి తేవాలి. ఏ ఇంట్లో ఉందో చూడమని ఆడవాళ్ళు తలో వైపు వెళ్ళారు. ఒక్కొక్కరూ వట్టి చేతులతో తిరిగొచ్చారు. గాలి పెద్దది కదా అని ముసలప్ప ఆ రోజు వరసగా అన్నీ ఆర్పేసింది. తమ్ముడి ఇంట్లోది కూడా ఆర్పింది.

పల్లె మొత్తానికి బతికున్న నిప్పు ఒక్కటే మిగిలింది. అవుట్‌పోస్టు వెనక నా ఎసరు కింద ఉన్నది.

"పోలీసోల నిప్పు పనికొస్తాదా?" అని ఒకాయన అడిగాడు.

పెద్ద ఆలోచించాడు. "పొయ్యి పొయ్యే" అన్నాడు.

చూడండి, నేను పడమటి గాలిలో నిప్పు ఉంచుకోవద్దని ఉపన్యాసం చదివినవాణ్ణి. యూనిఫారంలోనే, పెంకు ముక్కలో ఎర్రటి నిప్పులు పెట్టుకుని, ఇంకో పెంకు బోర్లించి, తాటాకు ఇళ్ళ సందులోంచి నడిచాను. ఊపిరి బిగబట్టి నడిచాను. నా వెనకాల ముసలప్ప. ఎవరు ఇచ్చారో, కుండ నిండా నీళ్ళతో కుంటుకుంటూ వస్తోంది. ఆవిడ వెనకాల రాయితో ఇంటావిడ. ఆ వెనక ఊరు.

ఇంటి చూరు దగ్గరికి వంగుతుంటే గాలి పెంకు కిందికి దూరింది. ఒక్క నిప్పురవ్వ లేచి చూరులో పడింది. ఎండిన తాటాకు, చిటపటమని అందుకుంది. నేను చూస్తూ ఉండిపోయాను. రెండు చేతుల్లోనూ నిప్పులున్నాయి, ఏం చెయ్యను. ముసలప్ప కుండ ఎత్తి నీళ్ళు ఒక్క ఊపున కొట్టింది. చూరు ఆరింది. నా టోపీ, చొక్కా, మొహం అన్నీ తడిశాయి. పెంకులో నిప్పుల మీద మాత్రం చుక్క పడలేదు. ఆవిడ చెయ్యి అలాంటిది.

ఇంటావిడ చూరు వైపు చూసింది, పక్కింటి చూరు వైపు చూసింది, ఆ పక్కింటిది. అన్నీ ఆనుకునే ఉన్నాయి.

పొయ్యి వెలిగించాం. కూర్చున్నాం. పొయ్యికి ఇటు నేను, అటు ముసలప్ప, గుమ్మంలో రాయి ఒళ్ళో పెట్టుకుని ఇంటావిడ. బయట గాలి ఈలలేస్తోంది. ముసలప్ప మంటనే చూస్తూ నాతో అన్నట్టు చెప్పింది. "మా ఊర్ల ఇలాటి గాలికే ఇల్లు కాలిపోనాది బాబూ. నాను పొలంకాడ ఉన్నాను. ఇంట్ల నా పాప ఉన్నాది. చుట్టుపక్కల ఇల్లల్ల ఎవులో ఒకులు సూసుంటే బాగున్ను." అంతే చెప్పింది. నాకు ఏడుపొచ్చింది, తడిసిన మొహం కాబట్టి ఎవరికీ తెలీలేదు. గుమ్మంలో ఆవిడ కూడా విన్నదని అనుకుంటాను. అటు తిరిగి కూర్చుంది.

పొద్దు వాలుతుండగా గాలి తగ్గింది. ఒడ్డున కేక వినిపించింది. పడవ. ఇంటావిడ రాయి చేత్తో పట్టుకునే పరిగెత్తింది. గాలికి సముద్రం లోపలికి కొట్టుకుపోయి, గాలి తగ్గాక తెడ్లేసుకుని వచ్చారు. అతను ఇంటికొచ్చి, తడిసిన పోలీసుని, ముసలప్పని తన పొయ్యి దగ్గర చూసి, "ఏటైనాది?" అన్నాడు. "కూడు ఒండుతన్నాను, కూకో" అంది ఇంటావిడ.

హెడ్డుగారికి అంతా చెప్పి, ఏం రాయమంటారని అడిగాను. ఆయన, "ముద్దాయి సర్కారు వారు అని రాస్తావా?" అన్నారు. రాయలేదు. మాడిన అన్నం తిన్నాం.

నాలుగు రోజులు ముసలప్ప తమ్ముడి గుమ్మం దాటలేదు. ఎవరూ ఆవిడతో మాట్లాడలేదు. ఇళ్ళల్లో ఎవరూ దూరలేదు, నా దగ్గరికి ఎవరూ రాలేదు. అంతా సవ్యంగా ఉన్నట్టే. మళ్ళీ పడమటి గాలి లేచిన పొద్దున నాకు భయం వేసి పల్లెలోకి వెళ్ళాను. పడవలొచ్చే వేళ. ఆ పడవ ఇంటావిడ గంప నెత్తిన పెట్టుకుని, చేతిలో మూత పెట్టిన మూకుడుతో వచ్చింది. ముసలప్ప వాకిట్లో ఇసకలో దాన్ని దించింది. లోపల నివురు, దాని కింద ఆవిడ పొయ్యి నిప్పు.

"నా నిప్పు ఇది. ఆర్పకు. నానొచ్చి తీసుకెల్తాను" అంది. ముసలప్ప మొహం చూడకుండానే అంది, చూడకుండానే వెళ్ళిపోయింది. కాసేపటికి ఇంకొకామె, ఆ తరవాత ఇంకొకామె. ఎవరికీ నేను చెప్పలేదు. ఇళ్ళల్లో నిప్పు లేదు, నిప్పు ఆరలేదు. ముసలప్ప వాకిట్లో ఇసక మీద మూకుళ్ళ మధ్య, పక్కన నీళ్ళ కుండతో కూర్చుంది.

ఎండలు పోకముందే సర్కిల్ గారు జీపులో వచ్చారు. గృహ భద్రత ఎలా సాగుతోందో చూడడానికి. పల్లెలోకి నడిపించాను. ముసలప్ప వాకిలి దగ్గర ఆగిపోయారు. చుట్టూ తాటాకు ఇళ్ళు, పడమటి గాలి, వాకిటి నిండా నిప్పుల మూకుళ్ళు, మధ్యలో ఒక ముసలావిడ.

"ఏమిటిది? ఇన్ని నిప్పులు ఒకచోట పెట్టుకుని కూర్చుందేమిటి? ఎంత ప్రమాదం. అన్నీ ఆర్పించెయ్" అన్నారు.

చెప్పబోయాను. ఎక్కడ మొదలెట్టినా ఆయన ఉపన్యాసం దగ్గరికే వస్తోంది. "అలాగే సార్" అని సెల్యూట్ కొట్టాను. ఆయన జీపు వైపు నడిచారు.

ముసలప్ప కుండ మీద చెయ్యి వేసి నా వైపు చూసింది. "ఆర్పాలా బాబూ?" అంది.

ఈసారి నేను ఆగాను. ఆవిడ వైపు తిరిగి, అడిగింది మొత్తం విని, సముద్రం మీద ఉన్న పడవల్ని కూడా ఒకసారి చూసుకున్నాను.

"వద్దప్పా" అన్నాను.